59 లక్షల టన్నుల లిథియం: తొలి దశ అన్వేషణ అంకెల వెనుక ఏముంది?

క్లుప్తంగా: కీలక ఖనిజాలు బయటపడ్డాయన్న వార్తల్లో పెద్దపెద్ద అంకెలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు ముడి రాయి బరువు. లోహం అందులో వందో వంతు కూడా ఉండకపోవచ్చు. పైగా ఆ అంకె వేసేనాటికి అన్వేషణ ఇంకా తొలి మెట్ల మీదే ఉంటుంది. ఏ దశలో చెప్పారు, గ్రేడ్ (టన్ను రాయిలో ఉండే లోహం) ఎంత, లోహం ఏ ఖనిజంలో ఇరుక్కుని ఉంది అని అడిగి చూస్తే రియాసీ వేలం ఎందుకు తేలిపోయిందో, అనంతపురం రేర్ ఎర్త్స్ (అయస్కాంతాల్లాంటి వాటికి కావలసిన ఒక జాతి మూలకాలు) మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో చాలావరకు అర్థమవుతుంది.

2023 ఫిబ్రవరి 9న కేంద్ర గనుల శాఖ ఒక ప్రకటన చేసింది. జమ్మూకశ్మీర్‌లోని రియాసీ జిల్లా సలాల్-హైమానా ప్రాంతంలో 59 లక్షల టన్నుల లిథియం వనరు ఉన్నట్టు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) తేల్చిందన్నది దాని సారాంశం. తెల్లారేసరికి భారత్ లిథియంలో ప్రపంచంలో ఆరో స్థానానికో ఏడో స్థానానికో చేరిపోయింది. బ్యాటరీల కోసం ఇక ఎవరి వైపూ చూడక్కర్లేదన్న చర్చలు నడిచాయి. అదే ఏడాది నవంబర్ 29న ఆ బ్లాకును వేలానికి పెడితే అర్హులైన పోటీదారులు కనీసం ముగ్గురు కూడా రాలేదు. 2024 మార్చిలో వేలం రద్దయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ అంతే.

ఏడో స్థానంలో ఉన్న నిధిని కొనేవాళ్లే లేకపోవడం ఏమిటి? దీనికి జవాబు ఆ ప్రకటనలోనే ఉంది. ‘ఇన్‌ఫర్డ్’ (ఊహించి కట్టిన లెక్క), ‘జీ3’ (అన్వేషణలో ఒక తొలి మెట్టు) అన్న రెండు మాటలు అందులో స్పష్టంగా రాశారు. హెడ్డింగుల్లోకి అవి ఎక్కలేదు, అంతే.

టన్ను రాయికి అరకిలో

ముందు లెక్క సంగతి. 59 లక్షల టన్నులు లిథియం ఉన్న ముడి ఖనిజం బరువు. తర్వాత పార్లమెంటుకు ఇచ్చిన జవాబుల్లో ప్రభుత్వం ‘లిథియం ఓర్’ అనే రాసింది. అందులో లోహం ఎంత? అప్పట్లో అధికారులు చెప్పిన గ్రేడ్ 500 పీపీఎమ్‌కు పైన. పీపీఎమ్ అంటే పది లక్షల్లో ఒక భాగం కాబట్టి, 500 పీపీఎమ్ అంటే టన్ను రాయికి అరకిలో. ఆ లెక్కన 59 లక్షల టన్నుల రాయిలో ఉండేది 2,950 టన్నుల లిథియం. గ్రేడ్ ఇంకాస్త ఎక్కువ వేసుకున్నా ఐదు వేల టన్నులకు చేరడం కష్టం.

చిలీకి ఉన్నాయని అమెరికా జియలాజికల్ సర్వే చెప్పే 93 లక్షల టన్నులు మాత్రం లోహం లెక్క. రెండింటినీ ఒకే పట్టికలో పెట్టడమంటే ఒకరి గాదెలో బియ్యాన్నీ, ఇంకొకరి కళ్లంలో గడ్డితో సహా ఉన్న కుప్పనూ తూచి పోల్చడమే. ఒక మాదిరి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి సుమారు 8 కిలోల లిథియం పడుతుందనుకుంటే, 2,950 టన్నులు ఒక్క గ్రాము వృథా కాకుండా తీసినా 3.7 లక్షల కార్లకు వస్తాయి. దేశంలో ఇంచుమించు ఒక నెలలో అమ్ముడయ్యే కార్లు అన్ని.

ఈ పొరపాటు కొత్తది కాదు. 2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్రలో మూడు వేల టన్నులకు పైగా బంగారం దొరికిందన్న వార్త దేశమంతా తిరిగింది. రోజుల వ్యవధిలోనే జీఎస్ఐ వివరణ ఇచ్చింది. అక్కడ అంచనా వేసింది 52,806 టన్నుల ముడి ఖనిజం, టన్నుకు 3.03 గ్రాముల గ్రేడ్. గుణిస్తే వచ్చేది సుమారు 160 కిలోలు.

అదే నెలలో కర్ణాటకలోని మండ్య దగ్గర 14,100 టన్నుల లిథియం ఉందన్న అంచనా వార్తలకెక్కింది. అక్కడ ఉపరితల సర్వేతో పాటు పరిమితంగా భూగర్భ అన్వేషణ చేసిన ఆటమిక్ మినరల్స్ డైరెక్టరేట్ (ఏఎండీ) లెక్క ప్రకారం మర్లగల్ల-అల్లపట్న ప్రాంతంలో ఉన్నది 1,600 టన్నులు. 2021లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన అంకె ఇదే. అది కూడా ‘ఇన్‌ఫర్డ్’ కోవలోదే. ఏడాదిలో అంచనా తొమ్మిదో వంతుకు పడిపోవడం చూస్తే ఎవరో మోసం చేశారనిపించవచ్చు. తొలి దశ అన్వేషణలో ఇది మామూలే. తెలిసింది కొంచెం, ఊహించింది ఎక్కువ అయినప్పుడు అంకె అలాగే ఊగుతుంది.

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు. కుండలో వేడీ నీళ్లూ అన్ని మెతుకులకూ ఒకేలా తగులుతాయి కాబట్టి అక్కడ ఆ మాట చెల్లుతుంది. రాయి విషయంలో చెల్లదు. ఇక్కడ రెండు మీటర్ల మందం ఉన్న పెగ్మటైట్ (లిథియం లాంటివి ఉండే ఒక రకం రాయి) పట్టీ యాభై అడుగుల అవతల దారం అంత సన్నబడి మాయమవ్వచ్చు. ఖనిజ అన్వేషణంతా ఎన్ని మెతుకులు పట్టి చూడాలి, అందుకు ఎంత ఖర్చు పెట్టాలి అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మన దేశంలో దీన్ని నాలుగు మెట్లుగా విభజించారు. అంకెలు వెనక నుంచి ముందుకు వస్తాయి. జీ4 అంటే ప్రాథమిక పరిశీలన, జీ1 అంటే గని తవ్వేందుకు సరిపడేంత వివరమైన అన్వేషణ. జీ4లో మ్యాపులు గీస్తారు, రాళ్లూ మట్టీ శాంపిళ్లు తీస్తారు, అక్కడక్కడ గుంతలు, కందకాలు తవ్వుతారు, కొన్ని బోర్లు వేసినా వేస్తారు. జీ3లో దూరదూరంగా బోర్లు వేసి, రెండు బోర్ల మధ్య కూడా ఖనిజం అలాగే సాగి ఉంటుందని అనుకుని లెక్క కడతారు. ‘ఇన్‌ఫర్డ్’ అన్న మాటకు అర్థం అదే. జీ2, జీ1లకు వెళ్లేకొద్దీ బోర్లు దగ్గరవుతాయి, అనుకోవడం తగ్గుతుంది.

రాయలసీమ రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. పాయింటు పెట్టించుకోవడం వేరు, బోరు వేయడం వేరు, నీళ్లు పడటం వేరు, పడిన నీళ్లు ఎండాకాలం దాకా నిలవడం వేరు. జీ4 పాయింటు పెట్టడం లాంటిది. జీ3 అంటే నీటి చెమ్మ తగిలిందన్నమాట. మోటారు ఎన్ని అంగుళాలు పోస్తుందన్నది ఇంకా తేలలేదు.

ఒక తేడా కూడా ఉంది. ‘రిసోర్స్’ అంటే భూమిలో ఉందని అంచనా వేసిన ఖనిజం. ‘రిజర్వ్’ అంటే ఇవాళ్టి ధరలకు, ఇవాళ్టి పద్ధతులతో లాభసాటిగా తీయగలమని రుజువైనది. తెలుగు వార్తల్లో రెండింటికీ ‘నిక్షేపాలు’ అనే రాయడం వల్ల సగం గందరగోళం అక్కడే మొదలవుతోంది.

గాలి నుంచి కోర్ పెట్టె దాకా

జీ4కు కూడా ముందు జరిగే పని ఒకటుంది. జీఎస్ఐ దేశమంతా వాగుల్లోని ఇసుక, మట్టి శాంపిళ్లు సేకరించి రసాయన మ్యాపులు తయారుచేస్తోంది. ప్రతి రెండు కిలోమీటర్ల చదరానికీ ఒక శాంపిల్ లెక్క వచ్చేలా విశ్లేషిస్తారు. కొండ మీద ఎక్కడో ఉన్న ఖనిజం వానకు కొట్టుకొచ్చి వాగులో చేరుతుంది కాబట్టి, వాగును ఎగువకు పట్టుకుపోతే మూలం దొరుకుతుందన్నది ఇందులోని సూత్రం. 2017 నుంచి విమానాలతో అయస్కాంత, గామా కిరణాల సర్వే కూడా జరుగుతోంది.

గామా సర్వే రేర్ ఎర్త్స్‌కు బాగా పనికొస్తుంది. రేర్ ఎర్త్స్ ఉన్న చాలా ఖనిజాల్లో థోరియం కూడా ఉంటుంది. థోరియం వల్ల పుట్టే గామా కిరణాలు విమానంలోని పరికరానికి అందుతాయి. లిథియం సంగతి వేరు. దానికి అలాంటి జాడ ఏదీ లేదు. జియాలజిస్టులు ఫీల్డులో చేత్తో పట్టుకుని తిరిగే మామూలు ఎక్స్‌రే పరికరం కూడా లిథియాన్ని చూడలేదు, అంత తేలిక మూలకం అది. అందుకే శాంపిల్ ల్యాబుకు వెళ్లి రిజల్ట్ వచ్చేదాకా కళ్లముందున్న రాయిలో ఏముందో కచ్చితంగా చెప్పడం కష్టం.

ఆ తర్వాతిది డ్రిల్లింగ్. వజ్రాలు పొదిగిన బిట్టుతో రాతిని గొట్టంలా కోసి బయటికి తీస్తారు. దాన్నే కోర్ అంటారు. మీటర్ల వారీగా పెట్టెల్లో పేర్చి, నిలువునా రెండుగా కోసి, ఒక సగాన్ని ల్యాబుకు పంపి రెండో సగాన్ని దాస్తారు. దాచడం ఎందుకంత ముఖ్యమో 1997లో ప్రపంచానికి తెలిసింది. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో భారీగా బంగారం ఉందని చెప్పిన కెనడా కంపెనీ బ్రీ-ఎక్స్ శాంపిళ్లలో బయటి నుంచి బంగారం కలిపారని తేలింది. అక్కడ కోర్‌లో సగం దాచకుండా దాదాపు అంతా పొడి చేసేయడంతో తిరిగి పరీక్షించడానికి ఏమీ మిగల్లేదు. కంపెనీ కుప్పకూలింది. కెనడా 2001లో కఠినమైన నియమాలు తెచ్చింది. అర్హత ఉన్న నిపుణుడు సంతకం పెట్టి బాధ్యత తీసుకుంటే తప్ప షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ వనరు అంకెను ప్రకటించే వీలు లేదు.

రాయి చేతిలో ఉన్నా లోహం రాదు

గ్రేడ్ తర్వాత ప్రశ్న, లోహం ఏ ఖనిజంలో ఉందన్నది. వార్తల్లో అసలు కనిపించనిది ఇదే. కంపెనీలు మొదట అడిగేదీ ఇదే.

ప్రపంచంలో లిథియం ఎక్కువగా వచ్చేది రెండు దారుల్లో. చిలీ, అర్జెంటీనాల్లో ఉప్పునీటి మడుగుల నుంచి, ఆస్ట్రేలియాలో స్పోడుమిన్ అనే ఖనిజం నుంచి. ఆస్ట్రేలియాలోని గ్రీన్‌బుషెస్ గనిలో టన్ను రాయికి దాదాపు 9 కిలోల లిథియం ఉంటుంది. రియాసీలో లిథియం ఉన్నది బాక్సైట్‌తో కలిసిన బంకమన్ను లాంటి రాయిలో. దాని నుంచి లిథియం తీసే పద్ధతులు ఉన్నా వాణిజ్య స్థాయిలో పెద్దగా నిలదొక్కుకోలేదు. అమెరికాలోని నెవాడాలో థాకర్ పాస్ అనే చోట బంకమన్ను నుంచి లిథియం తీసే గని నిర్మాణం 2023లో మొదలైంది. అక్కడి గ్రేడ్ రియాసీ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. టన్నుకు అరకిలో, తీసే పద్ధతి కొత్తది, పైగా హిమాలయ ప్రాంతం. బిడ్డర్లు వెనకాడటానికి ఇంతకంటే పెద్ద కారణం వెతకనక్కర్లేదు.

రేర్ ఎర్త్స్‌లో ఇది ఇంకా ముఖ్యం. స్కాండియం, ఇట్రియంలతో కలిపి ఈ మూలకాలు మొత్తం 17. పేరులో ‘అరుదు’ ఉన్నా భూమి పైపొరలో సీరియం దాదాపు రాగి ఉన్నంత ఉంది. ఒకచోట పోగుపడి ఉండకపోవడం, ఉన్నచోట ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉండటం అసలు ఇబ్బంది. దక్షిణ చైనాలోని కొన్ని మట్టి నిక్షేపాల గ్రేడ్ చూస్తే పెదవి విరుస్తారు. టన్నుకు ఒకటి రెండు కిలోలు, కొన్నిచోట్ల అంతకంటే తక్కువ. కానీ అక్కడ మూలకాలు మట్టి రేణువుల మీద పైపైన అంటుకుని ఉంటాయి. అమ్మోనియం సల్ఫేట్ నీళ్లు పోస్తే వదిలేస్తాయి. ప్రపంచానికి డిస్ప్రోసియం, టెర్బియం లాంటి భారీ రేర్ ఎర్త్స్ చాలాకాలం ప్రధానంగా వచ్చింది అక్కడి నుంచే. ఆ నీళ్లు వాగుల్లో కలిసి చేసిన పర్యావరణ నష్టం కూడా తక్కువేమీ కాదు. దీనికి పదింతలు గ్రేడ్ ఉన్నా, మూలకాలు గట్టి సిలికేట్ ఖనిజంలో బిగుసుకుపోయి ఉంటే గని తెరవడం దండగే కావచ్చు.

అనంతపురంలో తేలిందేమిటి?

2023 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) శాస్త్రవేత్తలు అనంతపురం జిల్లాలో 15 రేర్ ఎర్త్ మూలకాల జాడలు గుర్తించినట్టు చెప్పారు. దంచెర్ల, పెద్దవడుగూరు పరిసరాల్లోని సైనైట్ అనే క్షార శిలల్లో అల్లనైట్, మోనజైట్, జిర్కాన్, పైరోక్లోర్ లాంటి ఖనిజాలు కనిపించాయి. ఈ జాతి శిలల్లో రేర్ ఎర్త్స్ ఉండటం ప్రపంచమంతా ఉన్నదే. గుజరాత్‌లోని అంబాడొంగర్, రాజస్థాన్‌లోని సివానా కూడా క్షార శిలల కుటుంబానికి చెందినవే. కాబట్టి అనంతపురం సంగతి శాస్త్రపరంగా ఆశ్చర్యం కాదు, ఆసక్తికరం.

ఆ వార్తలో టన్నుల అంకె లేదు. ఉండకపోవడమే సరైనది. ఉపరితలం మీది రాళ్ల విశ్లేషణ అది. లోతు తెలియాలంటే కిలోమీటరు దాకా డ్రిల్లింగ్ చేయాలని శాస్త్రవేత్తలే అప్పుడు చెప్పారు. చివరికి గని వస్తుందా రాదా అన్నది 15 మూలకాలు ఉన్నాయా లేదా అన్నదాని మీద ఆధారపడదు. క్షార శిలల్లో వెతికితే ఆ 15 చాలాచోట్ల ఎంతో కొంత ఉంటాయి. మోనజైట్ ఎంత, అల్లనైట్ ఎంత అన్న నిష్పత్తి తేలాలి. మోనజైట్‌ను విడగొట్టే పద్ధతి దేశంలో దశాబ్దాలుగా నడుస్తోంది. అల్లనైట్ సిలికేట్, దాన్ని విడగొట్టి లాభసాటిగా రేర్ ఎర్త్స్ తీయడం ఎక్కడైనా కష్టమే.

దీనికి ఎదురుగా మన తీరం ఉంది. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం దాకా, అటు దక్షిణాన కూడా బీచ్ ఇసుకలో మోనజైట్ ఉంది. దేశంలో మొత్తం 1.3 కోట్ల టన్నుల మోనజైట్ ఉందని ఏఎండీ అంచనా. ఇందులో ఆంధ్రప్రదేశ్ వాటా అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. ఇక్కడ రాయి పగలగొట్టే పని లేదు, సముద్రమే ఆ పని చేసిపెట్టింది. అయినా భారత్ ఏటా ఉత్పత్తి చేసే రేర్ ఎర్త్ ఆక్సైడ్లు మూడు వేల టన్నుల లోపే. 2024లో చైనా తన గనులకు ఇచ్చిన కోటా 2.7 లక్షల టన్నులు. మన మోనజైట్‌లో థోరియం ఉండటంతో అది అణు ఖనిజం కింద నియంత్రణలో ఉంది. 2019 తర్వాత బీచ్ ఇసుక ఖనిజాల తవ్వకం దాదాపుగా ప్రభుత్వ సంస్థలకే పరిమితమైంది. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, మత్స్యకార గ్రామాలు సరేసరి. పైగా ఇందులో ఉండేవి ఎక్కువగా తేలిక రేర్ ఎర్త్స్. అయస్కాంతాలకు కావలసిన నియోడిమియం దొరుకుతుంది గానీ, వేడిలో కూడా ఆ అయస్కాంతం పట్టు సడలకుండా ఉంచే డిస్ప్రోసియం చాలా తక్కువ. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టిన ఏడు మూలకాల్లో డిస్ప్రోసియం, టెర్బియం ఉన్నాయి. వాహన కంపెనీలకు టెన్షన్ పట్టుకుంది వాటి వల్లే.

అంటే అనంతపురంలో ఉన్నది జాడ మాత్రమే, తీరంలో ఉన్నది బాగా కొలిచిన వనరు. రెండూ ఇవాళ గనులు కాకపోవడానికి కారణాలు మాత్రం వేర్వేరు. కొత్త నిక్షేపం దొరికిందన్న ప్రతి వార్తకూ ఇంత ఉత్సాహం చూపేవాళ్లు, దొరికి పడి ఉన్నదాని గురించి అంతగా మాట్లాడకపోవడం కొంచెం విచిత్రమే.

నష్టం ఎవరు భరించాలి?

తొలి దశ అన్వేషణలో ఎక్కువ ప్రయత్నాలు విఫలమవుతాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2021లో చెప్పిన ప్రకారం ఖనిజం కనిపెట్టినప్పటి నుంచి గనిలో ఉత్పత్తి మొదలయ్యేదాకా సగటున 16 ఏళ్లకు పైగా పడుతోంది. అంతకాలం ఎవరి డబ్బు కాలుతుందన్న దానిపై దేశాల దారులు వేరు. కెనడా, ఆస్ట్రేలియాల్లో ‘జూనియర్’ కంపెనీలు షేర్ మార్కెట్లో డబ్బు పోగుచేసి బోర్లు వేస్తాయి. వాటిలో చాలావరకు మునిగిపోతాయి. ఒకటి తగిలితే పెద్ద కంపెనీకి అమ్ముకుంటాయి. మన దగ్గర ఈ నష్టం చాలాకాలం ప్రభుత్వానిదే, అంటే జీఎస్ఐ, ఏఎండీలదే.

2015 తర్వాత వేలం పద్ధతి వచ్చింది. కాంపోజిట్ లైసెన్స్ కింద బ్లాకు తీసుకున్న కంపెనీ మిగతా అన్వేషణ సొంత ఖర్చుతో చేసి, ఖనిజం తేలితే గని లీజు పొందుతుంది. చిక్కేమిటంటే, తవ్వబోయే ఖనిజం విలువలో ప్రభుత్వానికి ఎంత శాతం ఇస్తారో ముందే చెప్పాలి. భూమిలో ఏముందో సరిగ్గా తెలియకముందే వాటా పంచుకోవడమన్నమాట. ఛత్తీస్‌గఢ్‌లోని కట్‌ఘోరా లిథియం, రేర్ ఎర్త్ బ్లాకుకు 2024లో మైకీ సౌత్ మైనింగ్ 76.05 శాతం పాడింది. అదే వేలంలో రియాసీకి సరిపడా పోటీదారులు రాలేదు. ధర కూడా అప్పుడే దెబ్బకొట్టింది. చైనాలో టన్ను లిథియం కార్బొనేట్ 2022 చివర్లో దాదాపు 6 లక్షల యువాన్లు పలికి, ఏడాది తిరిగేసరికి లక్ష దరిదాపులకు జారింది. రియాసీ ప్రకటన మంచి ధరలున్న రోజుల్లో వచ్చింది, వేలం ధరలు పడిపోయిన రోజుల్లో.

ఈ ఇబ్బంది గుర్తించి 2023లో చట్టం సవరించి, ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్స్ అనే కొత్త దారి తెచ్చారు. ఇందులో కంపెనీ వెతికి పెడుతుంది. గనిని వేరొకరికి వేలం వేస్తారు. ఆ గని నుంచి ప్రభుత్వానికొచ్చే ప్రీమియంలో (వేలంలో ఒప్పుకున్న వాటాలో) వెతికిన కంపెనీకి వాటా దక్కుతుంది. తక్కువ వాటాకు ఒప్పుకున్నవాళ్లకే లైసెన్స్. తొలి విడత 13 బ్లాకుల వేలం 2025 మార్చిలో మొదలైంది. అందులో కర్ణాటకలోని దేవదుర్గ బంగారం, రాగి బ్లాకును సింగరేణి దక్కించుకుంది. బొగ్గు తప్ప వేరే ఖనిజం జోలికి పోని సంస్థ అన్వేషణలోకి దిగడం విశేషమే. అయితే డబ్బు చేతికొచ్చేది ఎవరో గని తెరిచి తవ్వకం మొదలుపెట్టాకే. ఆ ఎదురుచూపు ఎన్నేళ్లో ముందే చెప్పలేం. అన్నేళ్లు ఆగగలిగే ప్రైవేటు పెట్టుబడి వస్తుందా అన్నది ఈ విధానానికి అసలు పరీక్ష. 2025 జనవరిలో 16,300 కోట్ల రూపాయలతో ఆమోదించిన నేషనల్ క్రిటికల్ మినరల్ మిషన్‌లో జీఎస్ఐకి 2030-31 నాటికి 1,200 అన్వేషణ ప్రాజెక్టుల లక్ష్యం పెట్టారు. కాబట్టి రాబోయే ఏళ్లలో ‘ఫలానా చోట ఫలానా ఖనిజం’ అన్న వార్తలు ఇంకా చాలా వస్తాయి.

పొలంలో శాంపిల్ తీస్తే

అలాంటి వార్త వచ్చిన ఊళ్లో మొదట కదిలేవి భూముల ధరల మాటలు. జీ4, జీ3 దశల్లో భూసేకరణ ఉండదు. జియాలజిస్టులు నడుస్తారు, సుత్తితో రాయి కొడతారు, సంచుల్లో మట్టి నింపుకుంటారు. డ్రిల్లింగ్ దశకు వస్తే రిగ్గు నిలపడానికి కొంత జాగా, బురద నీటికి ఒక గుంత, కొన్ని వారాల శబ్దం ఉంటాయి. పంటకు నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలని చట్టంలో ఉంది. వేసిన బోరును సిమెంటుతో మూసి, దాని మీద నంబరుతో చిన్న దిమ్మె కడతారు. దంచెర్ల గుట్టల దగ్గర అలాంటి దిమ్మెలు వరసగా, దగ్గరదగ్గరగా కనిపించడం మొదలైతే అప్పుడు జీ2 గురించి మాట్లాడుకోవచ్చు.